సీమకుక్క, ఏడు బావులు

పశువైద్యంలో కొత్తగా చేరిన మీలాంటి వాళ్ళు నన్ను చూడవచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న తప్పకుండా వేస్తారు. "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏమిటండీ?" అని. అడిగేటప్పుడే వాళ్ళ కళ్ళముందు ఏ ఒంగోలు గిత్తో, జిల్లా బోర్డు పెద్దమనిషి గారి పాడిగేదో మెదులుతుంటుంది. నేను "కుక్క" అంటాను. వాళ్ళ ముఖాలు కాస్త చిన్నబోతాయి. కుక్క కోసమా ఈ ముసలాయన దగ్గరికి ఇంత దూరం వచ్చాం అన్నట్టు చూస్తారు.

మా రోజుల్లో కుక్కకు వైద్యం చేసినవాణ్ణి చూసి నవ్వేవాళ్ళు. నేను మాచర్లలో పశువుల డాక్టరుగా చేరిననాటికి ఆసుపత్రి అంటే నాపరాళ్ళు పరిచిన ఒక గది, ముందు ఒక పంచ, వెనక ఖాళీ జాగా. సిబ్బంది అంటే నేను, ఒక కాంపౌండరు. ఆ కాంపౌండరు సాయిబు గారు సర్వీసులో నాకంటే పెద్ద, వయసులో పెద్ద, నోరు మరీ పెద్ద. పల్నాటి ఎండలో మా ఇద్దరికీ ఎడ్లు, గేదెలు, గొర్రెలతోనే తెల్లవారింది మొదలు పొద్దుపోయేదాకా సరిపోయేది. కుక్క మా పంచ ఎక్కిందంటే పొరపాటున ఎక్కినట్టే.

స్వరాజ్యం వచ్చిన తరవాతి ఎండాకాలం అది. కృష్ణకు అవతలి ఒడ్డున నిజాం రాజ్యంలో అల్లర్లు. మూటాముల్లే నెత్తిన పెట్టుకుని రేవు దాటి వచ్చేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళు చెప్పే సంగతులు వింటే ఇవతలి ఊళ్ళవాళ్ళకు కంటిమీద కునుకు ఉండేది కాదు. కలిగినవాళ్ళు తుపాకీ లైసెన్సుకు అర్జీలు పెట్టుకున్నారు. లైసెన్సు రానివాళ్ళు మంచి కాపలా కుక్క దొరికితే బాగుండునని వెతుకుతున్నారు. సరిగ్గా అలాంటప్పుడు మాచర్ల స్టేషనులో ఒక కుక్కల వ్యాపారి దిగాడు.

నెత్తిన టోపీ, కాళ్ళకు బూట్లు, నోట్లో సిగరెట్టు. యుద్ధం రోజుల్లో ఓడల మీద సామాను సరఫరా చేసినవాడట. బ్రేకువాను లోంచి బెత్తం పెట్టెలు దించుతుంటే ఊరు ఊరంతా స్టేషనులోనే ఉంది. ఒక్కో పెట్టెలో ఒక్కో కుక్క, చెవులు నిక్కబొడుచుకుని, తోడేలుకు తమ్ముడిలా. ఎవరో పరుగెత్తుకొచ్చి చెబితే నేనూ, సాయిబు గారూ కూడా పోయాం.

"ఎక్కడివండీ ఇవి?" అని అడిగాను.

"లండన్ సరుకు సార్. ఓడలో మద్రాసుకు, అక్కణ్ణుంచి రైల్లో ఇక్కడికి."

"ఆరోగ్యంగా ఉన్నట్టు ఏ డాక్టరైనా చూసి రాసిచ్చాడా?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "ఇవేమన్నా మన వీధికుక్కలనుకున్నారా సార్? బిస్కెట్లు తిని పెరిగినవి."

నాకు ఒళ్ళు మండింది. చదువుకునే రోజుల్లో మాకు నూరిపోసిన పాఠం ఒకటి గుర్తొచ్చింది. "మీరు చెప్పే ఆ లండన్‌లోనే, బయటి దేశం కుక్క ఓడ దిగితే ఆరు నెలలు విడిగా కట్టేసి చూస్తారు. పిచ్చి కుక్క కరిస్తే ఆ విషం పైకి తేలడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. అప్పటిదాకా కుక్క హాయిగా తోక ఊపుతూనే ఉంటుంది. మా ఆసుపత్రి వెనక జాగా ఉంది. కొన్నాళ్ళు అక్కడ ఉంచండి. నేను చూసుకుంటాను" అన్నాను.

"అది వాళ్ళ దేశం సార్. ఇది మన దేశం. స్వరాజ్యం కూడా వచ్చింది" అన్నాడు.

ఆయన్ను ఆపే చట్టం ఏదీ నా చేతిలో లేదు. జనం అప్పుడే బేరాలు మొదలుపెట్టారు. తిరిగి వస్తుంటే సాయిబు గారు అన్నారు: "చూశారా డాక్టర్ సాబ్, ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూత్తారు, సుడి చూత్తారు, నడిపించి చూత్తారు. ఈ కుక్కల్ని కొనేటప్పుడు ఆయన టోపీ ఒక్కటే చూత్తన్నారు."

అన్నిటిలోకీ పెద్ద కుక్కను రెంటచింతల దగ్గరి ఒక ఊరి కామందు కొన్నాడు. మంచి మనిషి. ఊళ్ళో ఏ ఇంట్లో కష్టమొచ్చినా ముందు ఆయన గడపే తొక్కుతారు. ఆయన పశువులకు జబ్బు చేసినప్పుడు రెండు మూడుసార్లు పోయి ఉన్నాను కనుక, కుక్క ఇంటికి వచ్చే రోజున నాకూ పిలుపు వచ్చింది. కుక్క ఇంటికి వస్తుంటే పిలుపేమిటని మీకు అనిపించవచ్చు. ఆ ఊళ్ళో కొత్త ఎద్దును కొని తెస్తే ఊరి మొదట్లో ఆపి, కాళ్ళమీద నీళ్ళు పోసి, నుదుట పసుపూ కుంకుమా పెట్టి, డప్పులతో వీధివీధీ తిప్పుతారు. ప్రతి గడప ముందూ ఆ ఇంటి ఆడవాళ్ళు బెల్లం ముద్ద చేత్తో తినిపిస్తారు. ఇంత ఖరీదైన జీవం ఓడెక్కి వస్తే ఎద్దుకు చేసిన మర్యాద చేయకుండా ఎలా ఉంటారు?

దాన్ని ఊళ్ళో "దొర" అన్నారు. దొరలు ఓడెక్కి పోయిన ఏడాదికల్లా ఈ దొర ఓడ దిగాడు. మెడలో బంతిపూల దండ, నుదుట కుంకుమ. పసుపు ముక్కుకు తగిలి తుమ్మితే జనం శుభమన్నారు. ఒక పెద్దాయన దానికి తెలుగు రాదని తలచి "కమాన్, కమాన్" అని చేతులు జోడించి పిలిచాడు. గడపగడపా బెల్లం అన్నం. ముద్ద పెట్టిన ప్రతి చేతినీ అది నాకింది. పిల్లలు మెడ కౌగిలించుకున్నారు. నాకు నవ్వొచ్చింది, నవ్వు వెనకే భయమూ వేసింది.

కామందును పక్కకు పిలిచి, కొన్ని నెలలు దాన్ని ఎవరికీ దగ్గరకానీయకుండా విడిగా కట్టేయమన్నాను.

"శుభమా అని ఇంటికొచ్చినదాన్ని కట్టేస్తే ఏం బాగుంటది డాక్టరుగారూ? పిచ్చి పట్టేది మన ఊరకుక్కలకి గదా. పెంటలమీద తిరిగేయి అయ్యి. దీనికెట్టా పట్టుద్ది?" అన్నాడు.

ఆ ఒక్క మాటా ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ నమ్మాయి. ఊరకుక్క మూతి తగిలితే స్నానం చేసేవాళ్ళు కూడా సీమకుక్క చొంగను తుడుచుకునేవాళ్ళు కాదు.

కామందు కోడలు అప్పుడు నిండా ఇరవై ఉంటాయో లేదో. సత్తెనపల్లి అవతలి పిల్ల. కడుపుతో ఉంది, తొలి కాన్పు. దొరకు అన్నం పెట్టే పని ఆమెది. ఆ రోజు తలుపు వెనక నుంచి "డాక్టరుగారూ, దీనికి కారం తినే అలవాటు ఉంటదా?" అని అడిగింది. పల్నాటి కారం నాకే అలవాటు కాలేదమ్మా అన్నాను. ఆమె నవ్వు వినిపించింది.

కొన్ని వారాలు ఏ కబురూ లేదు. ఒకరోజు పొద్దున్నే కామందు పెద్దపాలేరు మా పంచలోకి వచ్చి కూర్చున్నాడు.

"దొరకి గొంతులో బొమిక అడ్డం పడింది. పట్కారు తీసుకుని మిమ్మల్ని రమ్మన్నారు" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"నిన్నటి కాణ్ణుంచి నోరు మూయటంలా. చొంగ కారతంది. నీళ్ళకాడికి పోద్ది, తాగలేదు. కామందే చెయ్యి పెట్టి ఎతికాడు. బొమిక దొరకలా."

లోపల మందు నూరుతున్న సాయిబు గారి చెయ్యి ఆగిపోయింది. రోలు చప్పుడు ఆగడం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మీరు కూడా రాసి పెట్టుకోండి: కుక్క నోరు తెరుచుకుని ఉండిపోయింది, గొంతులో ఎముక ఉన్నట్టుందని ఎవరైనా అంటే చెయ్యి పెట్టవద్దు. పిచ్చి ముదిరిన కుక్కకు దవడ పడిపోతుంది. చూసేవాళ్ళకు ఎముక అడ్డం పడ్డట్టే ఉంటుంది.

"ఎవరినన్నా కరిచిందా?" అని సాయిబు గారే అడిగారు.

"కరవటమేం లేదు. మొన్న అన్నం గిన్నె తీత్తంటే చినమ్మగారి చెయ్యి కాస్త పట్టుకుంది. సున్నం పెట్టారు" అన్నాడు పెద్దపాలేరు.

బొగ్గుతో నడిచే బస్సు పట్టుకుని, దిగిన చోటి నుంచి నడిచి మేము ముగ్గురం ఆ ఊరు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. రెంటచింతల ఎండ సంగతి తెలిసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. దొర ఎడ్లకొట్టం మూల పడి ఉంది. దవడ వేలాడుతోంది. నన్ను చూసి మొరగబోయింది. బొంగురుపోయిన ఊళ లాంటిది ఏదో వచ్చింది. వెనక కాళ్ళు తడబడుతున్నాయి. పక్కనే కామందు పట్కారు చేత్తో పట్టుకుని నిలబడి, "నువ్వు తియ్యి డాక్టరూ, దాని బాధ చూళ్ళేకపోతన్నా" అన్నాడు.

"పట్కారు అవతల పారేయండి. దీనికి పిచ్చి" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో నలుగురు కర్రలు తీసుకున్నారు. ఆ వైపు పిచ్చికుక్కను చంపటమంటే తల చితగ్గొట్టటమే. నేను అడ్డం పోయి నిలబడ్డాను. "చంపొద్దు, అది ఇక ఎంతోసేపు ఉండదు. దాని తల నాకు చెక్కుచెదరకుండా కావాలి. మెదడు ముక్క మద్రాసు పంపితే గాని నిజమేదో తేలదు. మిగతా కుక్కలు కొన్నవాళ్ళకు ఏం చెప్పాలో కూడా అప్పుడే తెలుస్తుంది" అన్నాను. తలుపు బిగించి, బయట గడియ పెట్టించాను.

కామందు అరుగుమీద కూలబడ్డాడు. ఎముక వెతికిన తన చేతినే చూసుకుంటున్నాడు. గోళ్ళ పక్కన చీలికలున్నాయి. ఈ లోపల సాయిబు గారు ఆ చేతినీ, కోడలి చేతినీ కార్బాలిక్ సబ్బుతో రుద్ది రుద్ది కడిగించారు. కోడలి మణికట్టు దగ్గర రెండు పళ్ళ గాట్లు, వాటి చుట్టూ సున్నం ఎండిపోయి ఉంది.

ఊరేగింపు నాడు ముద్దలు పెట్టినవాళ్ళంతా చేతులు చూపిస్తూ వాకిట్లో చేరారు. ఒకటే ఏడుపులు. కుక్కకు జబ్బు బయటపడటానికి కొద్దిరోజుల ముందు నుంచే చొంగలో విషం ఉంటుందనీ, బెల్లం అన్నం పెట్టి వారాలు గడిచాయి కనుక వాళ్ళకు భయం లేదనీ ఒకటికి పదిసార్లు చెప్పాను. ఈ మధ్య దాన్ని ముట్టుకున్నది ముగ్గురు: కోడలు, కామందు, దాన్ని కొట్టంలో కట్టేసిన పెద్దపాలేరు. ముగ్గురూ మర్నాడే రైలెక్కి గుంటూరు పెద్దాసుపత్రికి పోవాలి. అక్కడ బొడ్డు చుట్టూ రోజుకొక సూది చొప్పున వేస్తారు. ఒకసారి ఆ జబ్బు మనిషికి పైకి వచ్చిందా, ఇక ఏ డాక్టరూ చేయగలిగింది లేదు.

అప్పుడు కామందు భార్య స్తంభం పక్కనుంచి ముందుకు వచ్చింది. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు.

"ముందు ఏడు బావులు తొంగిచూడాల. ఆ తరవాతే ఏదైనా" అంది.

కుక్క కరిచినవాళ్ళు ఏడు బావుల్లో తమ నీడ చూసుకుంటే విషం దిగుతుందని అక్కడి నమ్మకం. బావిలో నీళ్ళుండాలి, ముఖం కనపడాలి. ఆ ఎండాకాలంలో ఆ ఊళ్ళో నీళ్ళున్న బావి మంచినీళ్ళ బావి ఒక్కటే. మిగతా ఆరింటి కోసం బండి కట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరగాలి. ఆమె అప్పుడే బండి కట్టమని కేకేసింది కూడా.

"అమ్మా, తిరగటానికి ఇది తీర్థం కాదు. ఒక్కో పూటా ఆ విషం పైకి పాకుతుంటుంది" అన్నాను.

"కడుపుతో ఉన్నదాని కడుపులో సూదులు గుచ్చుతారా? లోపల బిడ్డ ఏమైద్ది?"

"తల్లి ఉంటే కదా బిడ్డ! బావిలో చూస్తే నీడ కనపడుతుంది, అంతకంటే ఏం లేదు. ఈ అమ్మాయిని చంపుకోవాలనుంటే చూపించుకోండి!" అని అరిచాను.

ఆమె నా వైపు చూసింది. కోపగించుకుంటుందనుకున్నాను. "ఆ జబ్బు నేను చూశా నాయనా" అంది, చాలా మెల్లగా. ఎక్కడ, ఎవరికి అని అడిగే తీరిక నాకు లేదు. భయం అంతగా ఉన్న మనిషి ఇంకా బావులు పట్టుకుని వేళ్ళాడుతుందేమిటని విసుగొచ్చింది, అంతే.

మా ఇద్దరి మధ్యా ఆ పిల్ల నిలబడి ఉంది. తడిసిన చెయ్యి పైటకు తుడుచుకుని, అత్త పక్కకు వచ్చింది.

"అత్తా, నేను కాపరానికొచ్చింది రైల్లోనే గదా" అంది.

"ఆఁ, ఇప్పుడెందుకు ఆ సంగతి?"

"స్టేషను స్టేషనుకీ బావి ఉంది. అమ్మావాళ్ళు గుర్తొచ్చి ఏడుపొత్తంటే, ఆ బావుల్ని లెక్కబెట్టుకుంటా వచ్చా. ఇక్కడ మన మంచినీళ్ళ బావి ఒకటి. రెంటచింతల స్టేషన్లో ఒకటి. గురజాల, నడికుడి, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి. గుంటూరులో ఎట్టాగూ ఉంటది. ఏడు బావులూ ఒక్క చోటే ఉండాలని ఎవురన్నా అన్నారా?"

అత్త వేళ్ళమీద ఏడూ లెక్కపెట్టుకుంది. "అనలా" అంది చివరికి.

సాయిబు గారు తల పక్కకు తిప్పుకుని గడ్డం సవరించుకున్నారు. ఆయన నవ్వు ఆపుకునేటప్పుడు అలాగే చేస్తారు.

ఆ సాయంత్రమే దొర ప్రాణం పోయింది. నేనూ సాయిబు గారూ చేతులకు తొడుగులు వేసుకుని, చేయవలసింది చేసి, మెదడు ముక్కను గ్లిజరిన్ సీసాలో భద్రం చేశాం. మిగతా కుక్కలు కొన్నవాళ్ళ దగ్గరికి పోయి వాటిని కట్టేయించే పని సాయిబు గారు తీసుకున్నారు. "ఆ టోపీ మనిషిని కూడా పట్టుకొత్తా, మీరు పోయిరండి" అన్నారు.

మర్నాడు రెంటచింతల స్టేషనులో నేను మొదట చేసిన పని గార్డును బతిమాలడం. సంగతి విని ఆయన గట్టిగా నవ్వుతాడనుకున్నాను. టోపీ తీసి తల గోక్కుని, "మా అన్న కొడుకును కరిస్తే నేనూ చూపించానండీ. ఆమె బావి చూసి బండెక్కిందాకా పచ్చజెండా ఊపను" అన్నాడు.

అలాంటి ప్రయాణం నేను మళ్ళీ చేయలేదు. ఆడవాళ్ళ పెట్టెలో అత్తాకోడళ్ళు. పక్క పెట్టెలో నేను, కామందు, పెద్దపాలేరు, నా ఒళ్ళో సీసా. ప్రతి స్టేషనులోనూ బండి ఆగడం, ముగ్గురూ దిగి బావి దగ్గరికి పోవడం, తొంగిచూడటం, వెంటనే ఎక్కడం. గురజాల దాటేసరికి కబురు బండంతా పాకింది. "తప్పుకోండయ్యా, బావి చూసుకునేవాళ్ళకి దారియ్యండి" అని ప్రయాణికులే సర్దుకున్నారు. నడికుడిలో ఒక ముసలాయన తనను కూడా ఈ మధ్యనే కుక్క పీకిందని చెప్పి మాతోపాటు దిగి బావి చూశాడు. బావులు చూసేవాళ్ళంతా గుంటూరు దాకా వచ్చి సూదులు కూడా వేయించుకోవాలని నేను గంభీరంగా చెప్పాను. ఆయన నిజంగానే వచ్చాడు. పిచ్చికుక్క కాటుకు ఒక మనిషిని అంత సులువుగా ఆసుపత్రికి తీసుకుపోయింది నా సర్వీసులో అదొక్కసారే.

సత్తెనపల్లికి వచ్చేసరికి బండి బాగా ఆలస్యమైంది. గార్డు ముఖంలో కంగారు మొదలైంది. అక్కడ బావి గూడ్సు షెడ్డుకు వెనక ఉందట. కామందూ, పెద్దపాలేరూ దూరం చూసి, మేము గుంటూరులో రెండు చోట్ల చూసుకుంటాంలే అని కదల్లేదు. ఆ పిల్ల మాత్రం దిగింది. కొంగు బిగించి గబగబా షెడ్డు చాటుకు పోయింది. అత్త కిటికీలోంచి చెంబు చాచి, స్టేషను కూలీ చేత నీళ్ళు పోయించుకుంటోంది. పిల్ల తిరిగి వచ్చి అత్తకేసి చూసి, అయిందన్నట్టు తల ఊపింది. గార్డు ఈల వేశాడు. బండి కదిలింది.

గుంటూరు ఆసుపత్రి పెరట్లో ఆఖరి బావి. అందులో కూడా ముఖం చూసుకుని, నేరుగా సూదుల గదిలోకి నడిచింది. అక్కడి డాక్టరు ఆమెను పరీక్షించి, బిడ్డకేమీ భయం లేదని అత్తగారికి ఓపిగ్గా చెప్పాడు. కోడలు పళ్ళు బిగించి మొదటి సూది వేయించుకుంది. కామందు వంతు వచ్చినప్పుడు ఆయన పెట్టిన కేక వార్డు అవతలిదాకా వినపడింది. "నువ్వూ కడుపుతో ఉన్నావా ఏందయ్యా?" అని భార్య అడిగింది. అందరం నవ్వాం. సూదులు పూర్తయ్యేదాకా వాళ్ళు సత్రంలో బస చేశారు.

నేను మాచర్ల తిరిగి వచ్చేసరికి టోపీ వ్యాపారి మా పంచలో కూర్చుని ఉన్నాడు. టోపీ లేదు. సాయిబు గారు ఎదురుగా పీట వేసుకుని కాపలా కాస్తున్నారు.

"అది లండన్ కుక్క కాదు సార్" అన్నాడు. "ఓడ బస్రాలో ఆగినప్పుడు, ఇంటికి పోతున్న సోల్జర్ల దగ్గర జోడీని కొన్నాను. రెండూ ఒకే పెట్టెలో వచ్చాయి. ఒకటి దోవలో తిక్కతిక్కగా చేసి రెండోదాన్ని కరిచి చచ్చిపోయింది. ఎండదెబ్బ అనుకున్నాను. సముద్రంలో వేశారు."

నాకు అరవాలనిపించింది. టోపీ లేని తల వంచుకుని కూర్చున్న ఆయన్ను చూసి అరవలేకపోయాను. ఆ తరవాత ఆయనా, సాయిబు గారూ కలిసి కుక్కలు కొన్న ప్రతి ఇంటికీ తిరిగారు. ఆయన టోపీ చూసి కొన్నవాళ్ళు ఆయన ముఖం చూసి కట్టేశారు. ఆ మిగతా కుక్కలకు ఏమీ కాలేదు. మద్రాసు నుంచి మాత్రం సీసా తాలూకు జవాబు వచ్చింది. మా అనుమానమే నిజం. విషం ఏ రేవులో ఎక్కిందో ఏ భూతద్దమూ చెప్పదు కానీ, సముద్రంలో పడ్డ ఆ జోడీ సంగతి తెలిశాక నాకు పెద్దగా సందేహం మిగల్లేదు.

గుంటూరు నుంచి వచ్చాక కామందు నన్ను ఒక్కటే అడిగాడు: "ఆ రోజు నువ్వు కట్టేయమన్నది ఎన్నాళ్ళు?" ఆరు నెలలన్నాను. నాలుగు రోజుల్లో మా ఆసుపత్రి వెనక జాగాలోకి బండ్లమీద రాయీ, దూలాలూ వచ్చిపడ్డాయి. విడివిడి గదులతో గట్టి కొట్టం లేచింది. వ్యాపారి తరవాత తెచ్చిన కుక్కల్ని అందులోనే ఉంచాడు. మొదట్లో గొణిగాడు. కొన్నాళ్ళకు దాన్నే గొప్పగా చెప్పుకోసాగాడు. "మాచర్ల కొట్టంలో ఆరు నెలలున్న సరుకు సార్" అని ఆయన నరసరావుపేటలో చెబుతుంటే నా చెవులతో విన్నాను. కొనేవాళ్ళు కూడా "కొట్టం కుక్కేనా?" అని అడగటం నేర్చుకున్నారు. ఏ చట్టమూ రాకముందే పల్నాటిలో ఆ అలవాటు వచ్చింది. ఓడ దిగిన కుక్క అందంగా ఉన్నా, తోక ఊపినా, దానికి కొంత కాలం ఇచ్చి చూడండి. మీకు నేను చెప్పదలచుకున్న వైద్యం అంతే.

మరుసటేడు నాకు బదిలీ అయింది. చెప్పి పోదామని ఆ ఊరు వెళ్ళాను. కామందు ఇంట్లో, మా ఆసుపత్రి కొట్టంలో గడువు ముగించుకున్న కొత్త కుక్క గంటల పట్టీతో తిరుగుతోంది. కామందు మనవరాలు దాని వెనక పాకుతోంది. కోడలు మజ్జిగ తెచ్చి ఇచ్చి, అత్త లోపలికి పోయిన సమయం చూసి, గొంతు తగ్గించింది.

"డాక్టరుగారూ, ఒక మాట. మా అత్తకి చెప్పకండి. నేను ఆరు బావులే చూశా. సత్తెనపల్లిలో బావి ఎండిపోతే పైన పలకలు కొట్టి మూసేశారు. అది చెబితే బండి దిగి ఇంకో బావి వెతుకుదామంటదని చూసినట్టు తలూపా."

చెప్పనని మాటిచ్చాను.

వెళ్ళేటప్పుడు అత్త పాపను చంకనెత్తుకుని వీధి మలుపుదాకా నాతో నడిచింది. అక్కడ ఆగి, ఇంటి వైపు ఒకసారి చూసి, "నా కోడలు మీకు చెప్పిందా, సత్తెనపల్లి సంగతి?" అంది.

"ఏ సంగతమ్మా?" అన్నాను.

"నాకు తెలుసులే నాయనా. నీళ్ళు పోసిన కూలీ ఆనాడే చెప్పాడు, బావి మూసి చానా రోజులైందని. అది తలూపింది, నేనూ ఊరుకున్నా. బండి దిగితే సూది ఆలస్యమైద్ది గదా."

"మరి ఏడూ చూడాలని అంత పట్టుబట్టారు గదమ్మా?"

ఆమె పాప నోట్లోంచి వేలు తీసి, ఆ చిన్న చెయ్యిని తన కొంగుతో తుడిచింది.

"మా తమ్ముణ్ణి చిన్నప్పుడు కుక్క కరిచింది. అప్పట్లో సూదులుంటయ్యని మాకెవురు చెప్పారు? మాకు తెలిసిన మందు బావులొక్కటే. మా నాయన వాణ్ణి బుజానేసుకుని తిప్పాడు. ప్రాణం పోయేలోపల వాడు ఏడూ చూశాడు నాయనా. ఒక్కటి కూడా తప్పలేదు."